బొగత దారిలో పాత క్వాలిస్: ఎక్కడ బస, ఎక్కడ రిపేరు

కరీంనగర్ వైపు నుంచి రామప్ప, లక్నవరం, మేడారం, బొగత జలపాతం చూసి రావాలంటే ఎక్కడ దిగాలని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. నా ఓటు హన్మకొండకే. లక్నవరం చెరువు మధ్యలో కాటేజీలో పడుకునే సుఖం వేరు, కాదనను. కానీ బండి పాతదైతే లేత్ షాపుకు దగ్గరలో పడుకోవడం మేలు. మాది 2003 మోడల్ క్వాలిస్. ఇంజిన్‌కి ఇప్పటికీ ఢోకా లేదు. కింద ఉన్న ఇనుముకే వయసు మీద పడింది.

హుజూరాబాద్ మీదుగా హన్మకొండ చేరేసరికి ముసురు పట్టింది. కాజీపేట వెళ్లే రోడ్డులో నక్కలగుట్ట దగ్గరున్న హరిత కాకతీయలో దిగాం. చౌరస్తా చుట్టుపక్కల ప్రైవేటు లాడ్జీలు కాస్త చవకే. కాకపోతే చాలావాటిలో పార్కింగ్ సెల్లార్‌లో ఉంటుంది, ఆ నిటారు ర్యాంపులు ఎక్కి దిగడం బరువైన పాత బండికి శిక్షే. వేయిస్తంభాల గుడికి పొద్దున్నే వెళ్తే మంచిది. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. రాతి స్తంభాల నునుపు చూడాలంటే ఏటవాలు ఎండ పడాలి, జనం తక్కువుండాలి. కోట, తోరణాలు, ఖుష్ మహల్ సాయంత్రానికి పెట్టుకోవచ్చు. వాటి గురించి ఇక్కడ మొదలుపెడితే అసలు సంగతి పక్కకు పోతుంది.

ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర హైవే వదిలి పాలంపేట దారి పట్టాం. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వెనక ఎడమవైపు నుంచి "టక్" అని చప్పుడు. బ్రేక్ వేసినా అదే. రామప్ప గుడి పార్కింగులో దిగి వెనకనుంచి చూస్తే బండి వంకరగా నిలబడినట్టుంది. మా బావమరిది వంగి వేళ్లు పెట్టి కొలిచాడు. కుడి చక్రానికీ దాని వెనక ఉన్న బాడీ అంచుకీ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయి. ఎడమవైపు మూడు కూడా కష్టంగా పడుతున్నాయి. చక్రం వెనక్కి జరిగింది.

కమాన్ కట్ట (వెనక చక్రాలను కలిపే యాక్సిల్ మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీల దొంతర) ఉన్న బండిలో ఇలా జరిగితే ముందు సెంటర్ బోల్టును అనుమానించాలి. పట్టీలన్నిటినీ మధ్యలో గుచ్చి కలిపి ఉంచేది అదే. దాని తల యాక్సిల్ మీదున్న గుంటలో కూర్చుని యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపుతుంది. అయితే యాక్సిల్‌ను కట్టకు అదిమి పట్టుకునే పని దానిది కాదు, U ఆకారంలో ఉండే యూ బోల్టులది. ఆ నట్లు వదులైతే బ్రేక్ వేసినప్పుడల్లా భారమంతా సెంటర్ బోల్టు మెడ మీద పడుతుంది. కొన్నాళ్లు ఓర్చుకుని అది తెగుతుంది. తెగాక బండి తిన్నగా నడవదు, వెనక చక్రాలు ఒక పక్కకు లాగుతూ వస్తాయి. యాక్సిల్ ఇంకా జరిగితే బ్రేక్ గొట్టం సాగుతుంది, అసలు భయం అక్కడే. కిందటేడు కట్ట విప్పి సర్దిన షాపువాళ్లు నట్లు బిగించి పంపారు గానీ, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మని చెప్పలేదు. కొత్తగా కూర్చిన పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి, అప్పుడు నట్లలో బిగువు తగ్గుతుంది. మళ్లీ బిగించకపోతే జరిగేది ఇదే.

టెన్షన్ ఉన్నా గుడి చూడకుండా తిరగబుద్ధి కాలేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూరు కింద నల్లరాతి మదనికల దగ్గర తల ఎత్తుకుని ఎంతసేపైనా నిలబడొచ్చు. శిఖరంలో నీళ్లమీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారని, పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద గుడి లేపారని గైడ్ చెబుతుంటే బావమరిది నా చెవిలో అన్నాడు: "వాళ్లు గుడికే షాకర్లు పెట్టిండ్రు బావా, మనం బండికి సరిగ్గ పెట్టించుకోలేకపోయినం."

ములుగులో రోడ్డు పక్కన చిన్న షెడ్డు కనిపిస్తే బండి ఆపాం. మెకానిక్ కుర్రాడు కిందికి దూరి చూసి, యూ బోల్టు నట్లు బిగించి లేచాడు. "అన్నా, సెంటర్ బోల్టు నా తాన లేదు. ఉత్త బోల్టు ఏసి పంపొచ్చు గని అది నిలువది. వరంగల్ పోండ్రి, నలభై దాటకుండ్రి." తన వల్ల కాని పనిని కాదని చెప్పే మెకానిక్ ఎక్కడున్నా మంచి మెకానిక్కే.

వరంగల్‌లో ముందు వెళ్లింది ఏసీ గదీ కాఫీ మిషనూ ఉన్న పెద్ద గ్యారేజీకి. పేరు అనవసరం. లిఫ్ట్ ఉంది, బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్ ఉంది, కంప్యూటర్ బిల్లు ఉంది. తొందర కూడా ఉంది. కట్టను దించాలంటే ముందు కొసన ఉన్న బ్రాకెట్ బోల్టు ఒకటి తీయాలి. ఇరవై ఏళ్ల తుప్పు పట్టిన ఆ బోల్టుకు ఆయిల్ కొట్టి నాననివ్వకుండా నేరుగా బోల్టులు విప్పే గన్ పెట్టారు. అది మెడ దగ్గర పుటుక్కుమంది. తల కింద పడింది, ఒళ్లు ఫ్రేమ్ మరల్లోనే ఉండిపోయింది. తర్వాత ఎస్టిమేట్ వచ్చింది: బ్రాకెట్ మొత్తం మార్చాలి, సామాను హైదరాబాద్ నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం. లేదంటే గ్యాస్ కటింగ్. ఆ బోల్టు పక్కనుంచే బ్రేక్ పైపు పోతోంది, కమాన్ పట్టీ అక్కడే ఉంది. పట్టీకి మంట తగిలితే దాని పదును దిగిపోతుంది, బరువు పడగానే వంగుతుంది లేదా విరుగుతుంది. కట్టను ఉన్నది ఉన్నట్టే బిగించమని చెప్పి రికవరీ బండి మీద ఆటోనగర్‌కు ఎక్కించాం.

అక్కడ దొరికిన పెద్దాయనది ఒక లేత్ మిషను, ఒక వెల్డింగ్ సెట్టు, రేకుల షెడ్డు. ముందు తెగిన సెంటర్ బోల్టు ముక్కను తుడిచి నా అరచేతిలో పెట్టాడు. విరిగిన ముఖం సగం దాకా తుప్పుతో నల్లగా ఉంది, మిగతా సగం కొత్త ఇనుములా మెరుస్తోంది. "సార్, గీ నల్లగ ఉన్నది ఎప్పుడో పగిలింది. తెల్లగ ఉన్నది మొన్న తెగింది, గంతే." పగులు మొదలైన చోట నీళ్లు దూరి తుప్పు పట్టింది, మిగిలిన సగం మీదే బండి ఇన్నాళ్లూ నడిచింది.

ఇరుక్కున్న బోల్టు సంగతికి ఆయన తీసుకున్న సమయంలో ఎక్కువ భాగం ఏమీ చేయకుండా ఉండటానికే పోయింది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, ఇనుప బ్రష్‌తో గీకి, చిన్న సుత్తితో టకటకా తట్టి వదిలేశాడు. టీ తాగి వచ్చి మళ్లీ కొట్టాడు. తర్వాత బ్యాటరీ తీగ విప్పించి, బ్రేక్ పైపును తడి గోనెతో కప్పి, నీళ్ల బకెట్ పక్కన పెట్టుకుని, బయటికి కనిపిస్తున్న ముక్క మీద వాషర్, దాని మీద పెద్ద నట్టు పెట్టి నట్టు కంతలోంచి వెల్డింగ్ నింపాడు. నట్టు పట్టుకోవడానికి వెల్డింగ్ ఎంత అవసరమో, ఆ వేడి కూడా అంతే అవసరం. వేడికి ముక్క ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ఆ కదలికకు తుప్పు పట్టు విడుతుంది. ఎరుపు పోయేదాకా ఆగి పానా పెట్టాడు. ఒక్కసారిగా తిప్పలేదు. కాస్త వదులు వైపు, కాస్త బిగువు వైపు, మళ్లీ ఆయిల్. "కిర్ర్" మని ఒక మూలుగు మూలిగి కదిలింది.

మధ్యలో కంత చేసి, విరిగిన బోల్టును బయటికి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్ దింపొచ్చు కదా అని బావమరిది అడిగాడు. దానికి ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎక్స్‌ట్రాక్టర్ గట్టి ఉక్కు. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు, అప్పుడు పని పదింతలవుతుంది. వెల్డింగ్ పట్టనప్పుడు మాత్రమే ఆయన దాని జోలికి పోతాడట.

ఆ తర్వాత ఫ్రేమ్‌లోని మరను ట్యాప్‌తో (మర కోసే పనిముట్టు) శుభ్రం చేశాడు. ఇక్కడ ఒక మాట. హార్డ్‌వేర్ షాపులో 10 ఎంఎం బోల్టు అడిగితే ఎక్కువగా 1.5 మరది (మర చుట్ల మధ్య దూరం 1.5 ఎంఎం) ఇస్తారు. జపాన్ తయారీ బళ్లలో చాలాచోట్ల ఉండేది 1.25 మర. రెండు చుట్లు చేత్తో తిరిగి ఆగిపోయిందంటే అది వేరే మర. పానాతో తోస్తే ఫ్రేమ్‌లోని మర కూడా పోతుంది. బోల్టు తల మీద దాని బలాన్ని చెప్పే 8.8 అనో 10.9 అనో అచ్చు ఉండాలి. ఏ అంకే లేని బోల్టు గేటుకు సరిపోతుంది, సస్పెన్షన్‌కు పనికిరాదు. సెంటర్ బోల్టు కొత్తది, యూ బోల్టులు కూడా కొత్తవే వేయించాం. ఒకసారి సాగిన యూ బోల్టును మళ్లీ బిగించి వాడటం చవక బేరం కాదు. రబ్బరు బుష్‌లున్న బోల్టులను చక్రాలు నేలమీద ఆని బండి బరువు పడ్డాకే ఆఖరి బిగింపు బిగించాడు. గాలిలో వేలాడుతున్నప్పుడే బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి కొన్నాళ్లకే చిరుగుతుంది.

ఆయన దగ్గర టార్క్ రెంచ్ లేదు, బిల్లు పుస్తకమూ లేదు. కూర్చోవడానికి పాత టైరు ఒకటుంది. పనికి తీసుకున్న డబ్బు మా హోటల్ గది ఒక రాత్రి అద్దెకంటే తక్కువ. రికవరీ బండికి అయినదే ఎక్కువ. ఆడవాళ్లతో, పిల్లలతో వెళ్తే వాళ్లను హోటల్లో ఉంచి రావడం నయం, ఆ వీధిలో బాత్రూము దొరకదు.

మిగతా యాత్ర హాయిగా సాగింది. లక్నవరం కాకతీయుల కాలపు చెరువు. వేలాడే వంతెన మీదుగా ద్వీపంలోకి నడవాలి, కారు ఇవతలే ఉంటుంది కాబట్టి సామాను తక్కువ పట్టుకెళ్లండి. శని, ఆదివారాల్లో వంతెన మీద సెల్ఫీల రద్దీతో అడుగు కదలదు, మధ్యవారంలో వెళ్తేనే అక్కడి కాటేజీకి పెట్టిన డబ్బు దక్కుతుంది. పస్రా దాటాక తాడ్వాయి అడవిలో మా ఫోన్లకు చాలాసేపు సిగ్నల్ లేదు. తాడ్వాయిలో అటవీశాఖ హట్స్ ఉన్నాయి. అడవి చప్పుడు వింటూ పడుకోవాలనుకునేవాళ్లకు అంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు, బండి మీద నమ్మకముంటే. మేడారం రెండేళ్లకోసారి జాతరకు లక్షల జనంతో నిండే ఊరు. మామూలు రోజుల్లో గద్దెల దగ్గర ప్రశాంతంగా నిలబడి బెల్లం సమర్పించి రావచ్చు.

బొగతకు ఏటూరునాగారం మీదుగా, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన దాటి వెళ్లాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా నీళ్లు బాగుంటాయి. ఉధృతి ఎక్కువైతే దిగనివ్వరు, దూరంనుంచి చూసి రావడమే. ఈ దారిలో ఇసుక లారీలతో జాగ్రత్త. వాటి చక్రాలు తొక్కిన గుంతల్లో నీళ్లు నిలిస్తే లోతు తెలియదు.

తిరుగుదారిలో ములుగు కుర్రాడి దగ్గరే ఆగి యూ బోల్టులు మళ్లీ బిగించమన్నాం. ఎదురెదురుగా ఒక్కో నట్టు తిప్పుకుంటూ వచ్చాడు. దాదాపు అన్నీ పావు చుట్టు తిరిగాయి, లోపలి వైపుది మాత్రం అర చుట్టు దాకా పోయింది. కరీంనగర్ చేరాక దాన్ని ఇంకోసారి చూపించుకోమన్నాడు.