అక్యుప్లేసర్ రివ్యూ: బెంగళూరు నుంచి కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళేవాళ్ళకు

పీయూసీ అయ్యాక అమెరికాలో రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో చదివి, తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే దారి వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు తెలుగు ఇళ్ళకు కొత్తేం కాదు. అడ్మిషన్ సులువుగానే వస్తుంది. చిక్కంతా ఆ తర్వాత, ఏ స్థాయి కోర్సులో కూర్చోబెట్టాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్షతోనే. శాట్ పెట్టే కాలేజ్ బోర్డు వాళ్ళ అక్యుప్లేసర్ అలాంటి పరీక్షే; అందులో పాస్, ఫెయిల్ లేవు. దాంతో పిల్లలు చదవకుండానే కూర్చుంటారు. మార్కు తగ్గితే మొదటి సెమిస్టర్‌లో కాల్క్యులస్ బదులు ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా చేతికొస్తుంది. అలాంటి రెమీడియల్ కోర్సుకు నాన్-రెసిడెంట్ (బయటివాళ్ళ) ఫీజు పూర్తిగా కట్టాలి, డిగ్రీ లెక్కలోకి మాత్రం అది రాదు.

ముందు అసలు ఈ పరీక్ష మీకు అవసరమో లేదో చూసుకోండి. కాలిఫోర్నియాలో ఏబీ 705 చట్టం 2018 జనవరిలో అమల్లోకి వచ్చాక ఇంగ్లీషుకూ లెక్కలకూ హైస్కూల్ మార్కులే ఆధారం. బయటి దేశంలో చదివినవాళ్ళకు చాలా కాలేజీలు ఒక ప్రశ్నావళి ఇచ్చి, కోర్సును వాళ్ళనే ఎంచుకోమంటాయి. కాబట్టి డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి అక్కడి కాలేజీలకు వెళ్ళేవాళ్ళకు ఎవరైనా ‘అక్యుప్లేసర్ ప్యాకేజీ’ అమ్మబోతే జాగ్రత్త పడండి. టెక్సస్‌ది వేరే కథ, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇప్పుడున్నది 2016లో వచ్చిన ‘నెక్స్ట్ జనరేషన్’ రూపం. రీడింగ్, రైటింగ్, లెక్కల్లో మూడు స్థాయిలు, ఒక్కోదానిలో 20 ప్రశ్నలు (రైటింగ్‌లో మాత్రం 25), స్కోరు 200 నుంచి 300. టైమ్ లిమిట్ లేదు. నిజంగా మెచ్చుకోవలసింది ఇదే. ఎంసెట్, కేసెట్ అలవాటుతో నిమిషానికో ప్రశ్న లాగించేసేవాళ్ళు ఇక్కడ నష్టపోతారు. పరీక్ష అడాప్టివ్ కాబట్టి మీ జవాబును బట్టే తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది. ఒక్కసారి సబ్మిట్ కొట్టాక వెనక్కి వెళ్ళి దిద్దుకోలేరు, ప్రశ్న వదిలేసి ముందుకూ పోలేరు.

లెక్కలు మామూలుగా మధ్య స్థాయితో, అంటే క్యూఏఎస్‌తో (క్వాంటిటేటివ్ రీజనింగ్, ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్) మొదలవుతాయి. అక్కణ్ణుంచి పైకి ఏఏఎఫ్‌కు (అడ్వాన్స్‌డ్ ఆల్జీబ్రా, ఫంక్షన్స్) పంపాలా, కిందికి అరిథ్మెటిక్‌కు దించాలా అన్నది కాలేజీ పెట్టుకున్న నియమం. పరీక్ష మధ్యలో ఉన్నట్టుండి భిన్నాలు, దశాంశాలు మొదలైతే కిందికి దించేశారనే అర్థం. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఆల్జీబ్రాలో కాదు, క్యూఏఎస్‌లోని సంభావ్యత, సమితులు, స్టాటిస్టిక్స్‌లో. రెండు వరుసల పట్టిక ఇచ్చి ‘బస్సులో వచ్చేవాళ్ళలో ఆడపిల్లల వంతెంత’ అని అడుగుతారు. భాగించాల్సింది బస్సులో వచ్చేవాళ్ళ సంఖ్యతో. అలవాటు కొద్దీ మొత్తం విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే, ఆ తప్పు జవాబు కూడా ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది.

ఏఏఎఫ్‌లో ఫంక్షన్లు, వర్గ సమీకరణాలు, లాగరిథమ్‌లు, త్రికోణమితి ఉంటాయి. కాల్క్యులస్ ఒక్క ప్రశ్న కూడా ఉండదు. అయినా మన పిల్లలు ఇంటిగ్రేషన్ తిరగేస్తూ కూర్చుంటారు. చూసుకోవాల్సింది తొమ్మిది నుంచి పదకొండో తరగతి దాకా ఉన్న పాఠాలు, మరీ ముఖ్యంగా ఒక ఫంక్షన్‌లో ఇంకో ఫంక్షన్ పెట్టే లెక్కలు, గ్రాఫు పక్కకో పైకో జరిగితే సమీకరణం ఎలా మారుతుందన్నదీ. కాలిక్యులేటర్ కొన్ని ప్రశ్నలకే తెర మీద కనిపిస్తుంది. కనిపించలేదంటే చేత్తో చేయమనే. సొంతది వాడనివ్వరు.

అక్యుప్లేసర్‌లోనే వ్యాసం రాయించే భాగం రైట్‌ప్లేసర్. దాని మీద నాకు పెద్ద గౌరవం లేదు. చిన్న పేరా ఇచ్చి ఒక పక్షం తీసుకుని రాయమంటారు, 300 నుంచి 600 పదాలు, స్కోరు 1 నుంచి 8. దిద్దేది కంప్యూటర్. విషయం మీద పట్టు, అమరిక, ఉదాహరణలు, వాక్యాల వైవిధ్యం, వ్యాకరణం, తర్కం చూస్తామంటారు. ఎంత లోతైన ఆలోచనైనా 200 పదాల్లో ముగిస్తే మార్కు రాదు. మొదటి పేరాలోనే మీ పక్షమేదో చెప్పేసి, రెండు మూడు పేరాల్లో ఒక్కో కారణానికి ఒక్కో ఉదాహరణ ఇచ్చి, ఎదుటి వాదానికి ఒక పేరా కేటాయిస్తే చాలు. రీడింగ్, రైటింగ్ సెక్షన్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంగ్లీష్ మీడియం పిల్లలకు అవి భారం కావు. కాకపోతే కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థులకు వీటి బదులు ఈఎస్ఎల్ (ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళ ఇంగ్లీషు) పరీక్ష పెడతాయి. దాని స్కోరు 20 నుంచి 120. మీకు ఏది పెడుతున్నారో ముందే మెయిల్‌లో రాయించుకోండి.

పరీక్షకు ముందు కొన్ని వివరాలు అడుగుతారు: ఆల్జీబ్రా ఎన్నేళ్ళు చదివారు, చివరిసారి లెక్కలు ఎప్పుడు చదివారు లాంటివి. ఏదో ఒకటి నొక్కేసి ముందుకు పోకండి. కొన్ని కాలేజీలు వాటినీ ప్లేస్‌మెంట్ లెక్కలో కలుపుతాయి.

సాధనకు డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. కాలేజ్ బోర్డు వెబ్‌సైట్లో నమూనా ప్రశ్నలు, ప్రాక్టీస్ టెస్టులు ఉచితం. ప్రశ్నల తీరు అచ్చం అసలు పరీక్షలాగే ఉంటుంది, కానీ జవాబు ఎందుకు తప్పో చెప్పడంలో అంత ఓపిక చూపించరు. ఆ లోటుకు ఉచిత పాఠాల సైటు ఖాన్ అకాడమీ ఉంది.

కాలేజీ ఒప్పుకుంటే బెంగళూరులోనే ఆన్‌లైన్ ప్రాక్టర్ (కెమెరాలో కనిపెట్టి చూసే పర్యవేక్షకుడు) కింద రాసేసి వెళ్ళడం మేలు. అక్కడ దిగాక ఓరియెంటేషన్ వారంలో రాస్తే జెట్‌ల్యాగ్ ఒకటి, అప్పటికే మంచి క్లాసుల సీట్లు నిండిపోవడం ఒకటి. కానీ ఇక్కణ్ణుంచి రాయడంలోనూ తిప్పలున్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉదయం 9 అంటే మనకు వేసవిలో రాత్రి 9.30, చలికాలంలో 10.30. స్లాట్ పక్కన ఏ టైమ్‌జోన్ రాసి ఉందో చూడకపోతే పరీక్ష తప్పిపోతుంది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు కాబట్టి షేరింగ్ పీజీలో కుదరదు. వానాకాలం సాయంత్రాల్లో కరెంటు సంగతి తెలిసిందే; యూపీఎస్ ల్యాప్‌టాప్‌కే కాదు, వైఫై రౌటర్‌కూ ఉండాలి.

పేరు విషయంలో మనవాళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంటిపేరు పదో తరగతి మార్కుల మెమోలో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరు, కెమెరాకు చూపించే పాస్‌పోర్టులోని పేరు కలవకపోతే ప్రాక్టర్ లోపలికి రానివ్వకపోవచ్చు. కాలేజీ అప్లికేషన్ నుంచే పాస్‌పోర్టు పేరు వాడండి.

ఇక టెక్సస్. డాలస్, ఫ్రిస్కోలో చుట్టాలున్నారని డాలస్ కాలేజీకో కాలిన్ కాలేజీకో వెళ్ళేవాళ్ళు రాసేది టీఎస్ఐఏ2 అనే టెక్సస్ సొంత ప్లేస్‌మెంట్ పరీక్ష. ఇది 2021 జనవరి నుంచి ఉంది, తయారుచేసేది కాలేజ్ బోర్డే, కానీ స్కోరు 910 నుంచి 990. లెక్కల్లో 950, ఇంగ్లీషులో 945తోపాటు వ్యాసంలో 5 వస్తే రెమీడియల్ తప్పుతుంది. పరీక్షకు ముందు ప్రీ-అసెస్‌మెంట్ యాక్టివిటీ (పరీక్షను పరిచయం చేసే చిన్న కార్యక్రమం) పూర్తి చేయాలి, లేదంటే కూర్చోనివ్వరు. లెక్కల్లో 20 ప్రశ్నలు అయ్యాక పరీక్ష ఆగకుండా ఇంకో 48 వస్తే 950 రాలేదన్నమాట. అక్కడ చిరాకుపడి ఏదో ఒకటి నొక్కేయకండి: డయాగ్నొస్టిక్ అనే ఆ 48 ప్రశ్నల భాగంలో 6వ స్థాయి తెచ్చుకున్నా అర్హత వచ్చినట్టే. ఈ స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది. అక్యుప్లేసర్‌కు మాత్రం ఎన్నాళ్ళు చెల్లాలన్నది, మళ్ళీ రాయాలంటే ఎన్ని రోజులు ఆగాలన్నది ఏ కాలేజీకి ఆ కాలేజీయే నిర్ణయిస్తుంది. స్లాట్ బుక్ చేసేముందే టెస్టింగ్ సెంటర్‌ను ఈ రెండూ అడగండి.