యమాతో ముగింపు ఏది మేలు: సినిమాదా, టీవీ ధారావాహికదా?

ఒకే కథకు ఒకే సంస్థ ఏడాది లోపే రెండు విరుద్ధమైన ముగింపులు ఇవ్వడం ఎక్కడైనా అరుదే. జపాన్ యానిమేషన్‌లో పేరుమోసిన, యమాతో అనే అంతరిక్ష యుద్ధనౌక గాథ 'యమాతో' విషయంలో అదే జరిగింది. 1978 ఆగస్టు 5న విడుదలైన 'వీడ్కోలు యమాతో' సినిమాలో దాదాపు ప్రధాన పాత్రలన్నీ మరణించాయి. ఆ నౌక ఇక ఎన్నడూ మీ ముందుకు రాదని చివర్లో తెరపై అక్షరాలతో చెప్పారు కూడా. అదే ఏడాది అక్టోబర్ 14న అదే దండయాత్ర, అదే శత్రువులతో 'యమాతో 2' టీవీలో మొదలై, 26 భాగాలు నడిచి, నౌకనూ దాని నాయకుడినీ బతికించి ముగిసింది. అసలు ముగింపు ఏదన్న వాదం అభిమానుల్లో అప్పుడు మొదలై నేటికీ సాగుతూనే ఉంది.

సినిమా వైపు నిలిచేవారి వాదనకు బలం లేకపోలేదు. భూమి మీదికి దండెత్తిన ధూమకేతు సామ్రాజ్యపు కోట కూలిన తర్వాత దాని కడుపులోంచి ఇంకా పెద్ద యుద్ధనౌక బయటికి రావడం, యమాతో దగ్గర ఆయుధమంటూ ఏదీ మిగలకపోవడం, తోటివారిని నౌక చోదకుడు షిమాకు అప్పగించి పంపేసిన నాయకుడు కొదాయి, చనిపోయిన తన ప్రేయసి యుకీని పక్కన కూర్చోబెట్టుకొని శత్రువు మీదికి నౌకను నడపడం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి తప్పించుకోలేనివిగా వస్తాయి. కథ అక్కడితో ఆగిపోతుంది కనుక కొనసాగింపు లోపాల గొడవే లేదు. అయితే 1945 ఏప్రిల్ 7న జపాన్ నౌకాదళపు అసలు యమాతో యుద్ధనౌక తిరిగిరాని ప్రయాణంలో ఒకినావా వైపు వెళుతూ సుమారు మూడు వేల మందితో మునిగిన సంగతి తెలిసిన ప్రేక్షకుడికి, ఆత్మాహుతిని ఇంత అందంగా చూపడం మింగుడుపడదు. యమాతో 2 చివరి భాగం ప్రసారమైంది సరిగ్గా ఏప్రిల్ 7నే, 1979లో. కావాలని ఎంచుకున్న తేదీ అనుకోనక్కర్లేదు గానీ, గమనించాక మరచిపోవడం కష్టం.

నా దృష్టిలో ఎంతమంది చనిపోయారన్నది ఈ తూకంలో చిన్న విషయం. ఎవరు ఎందుకు మారారన్నదే పెద్ద విషయం, దానికి గీటురాయి డెస్లర్. 1974-75 నాటి తొలి ధారావాహికలో అతడు భూమిపై దాడి చేసిన గమిలాస్ గ్రహానికి క్రూరుడైన నియంత. కొలువులో మోటుగా పగలబడి నవ్విన అధికారిని, మీట నొక్కి, నిలుచున్నచోటే నేల తెరిపించి కిందికి పడేసిన మనిషి. చివరికి తాను పేల్చిన ఫిరంగి కాంతినే యమాతో శాస్త్ర నిపుణుడు సనదా కనిపెట్టిన లోహపూత వెనక్కి తిప్పికొట్టగా అందులోనే పోయాడనిపించాడు. అతడిని ధూమకేతు సామ్రాజ్యం మళ్లీ బతికించిందన్నది సినిమాలోనూ టీవీలోనూ ఉన్న విషయమే కనుక, ఆ ఒక్క అతుకుకు రెండూ సమానంగా బాధ్యులే.

తేడా అంతా ఆ తర్వాత వస్తుంది. సినిమాలో డెస్లర్ పగతో వస్తాడు, కొదాయితో తలపడతాడు, గాయపడిన యుకీనీ ఆమె ప్రేమనూ చూసి చలించి శత్రువు బలహీనత ఎక్కడుందో చెప్పి, తానే శూన్యంలోకి వెళ్లి ప్రాణం వదులుతాడు. ఈ మార్పంతా కొద్ది నిమిషాల్లో జరిగిపోతుంది. ఘట్టం అందంగానే ఉంటుంది, కానీ పగ ఎందుకు పుట్టిందో, ఎందుకు కరిగిందో ప్రేక్షకుడే పూరించుకోవాలి. టీవీలో అదే మనిషికి వారాల తరబడి చోటు దొరికింది. ధూమకేతు సామ్రాజ్యపు అధికారిణి సబేరా కుట్రతో అతడు తన మిత్రుల చేతిలోనే బందీ అవుతాడు, తప్పించుకుంటాడు, ఆ అవమానాన్ని మోస్తూనే యమాతో కోసం ఎదురుచూస్తాడు. గాయపడిన కొదాయి కోసం డెస్లర్ నౌకలోకి వచ్చిన యుకీ, డెస్లర్‌పై తుపాకీ ఎక్కుపెట్టి కూడా కాల్చలేక, దాన్ని వదిలేసి కొదాయి దగ్గరికి వెళుతుంది. అప్పుడు డెస్లర్, చచ్చిపోతున్న గ్రహానికి నాయకుడిగా తన జాతిని బతికించడమే తన తాపత్రయమని, తన మనసు ఈ సామ్రాజ్యం కన్నా భూలోకవాసులకే దగ్గరగా ఉందని ఒప్పుకొని వెళ్లిపోతాడు. గమిలాస్ చావుకు దగ్గరపడిందన్న మాట తొలి ధారావాహికలోనే ఉంది కనుక ఇది తర్వాత అంటించిన కారణం కాదు. అంతకుముందు కనిపించని వైపును బయటికి తీసిన కారణం. 1979 నాటి 'కొత్త ప్రయాణం'లో ఇస్కాందార్ రాణి స్టార్షా కోసం అతడు యమాతో సాయం కోరడానికీ, 1983 నాటి చివరి చిత్రంలో ఆపదవేళ ఆదుకోవడానికి రావడానికీ బీజం ఇక్కడే పడింది.

యమాతోకు సాయపడే అలౌకిక శక్తుల స్త్రీ తెరెసా విషయంలోనూ నా మొగ్గు టీవీ వైపే. సినిమాలో ఆమె దాదాపు దేవత, చివర్లో ప్రత్యక్షమై కొదాయికి తోడు నిలుస్తుంది. టీవీలో ఆమె తన శక్తి వల్ల సొంత లోకమే నాశనమైందన్న బాధతో, ఇక యుద్ధానికి ఆ శక్తిని వాడనని పట్టుబట్టిన స్త్రీ. ఆ పట్టుదలను సడలించేది షిమా మీద ప్రేమే. అతడికి తన రక్తం ఎక్కించి బతికించి, యమాతోకు అప్పగించి, తానే ధూమకేతు సామ్రాజ్యాధిపతి జ్వార్దార్ నౌక మీదికి వెళుతుంది.

ఇంతవరకు టీవీనే మెచ్చుకున్నాను గానీ, సినిమా అభిమానులు వేలుపెట్టి చూపే లోపం ఒకటి నిజమే. యమాతో 2లో కూడా కొదాయి ఆత్మాహుతికే సిద్ధపడతాడు. అతడి ఆలోచన ఏమీ మారలేదు, చావు మాత్రం తెరెసాకు బదిలీ అయింది. తాను ఎందుకు బతకాలో కొదాయి స్వయంగా తేల్చుకొని ఉంటే టీవీ ముగింపు నిస్సందేహంగా గెలిచేది. బతికించడం ఒకసారి అలవాటైతే ఆగదన్న వాదానికీ సాక్ష్యం ఉంది. తొలి ధారావాహిక చివర్లో భూమిని చూస్తూ కన్నుమూసిన నౌక తొలి కెప్టెన్ ఒకితా, 1983లో వైద్యుడి పొరపాటన్న ఒక్క సాకుతో తిరిగి వచ్చాడు. మొదటి భాగాల్లో మామూలు రంగులో ఉన్న గమిలాస్ జనం తర్వాత నీలంగా మారడం వంటి పొరపాటును ఎవరైనా నవ్వి వదిలేస్తారు. పైగా '2199' పేరుతో వచ్చిన తొలి ధారావాహిక పునర్నిర్మాణం ఆ మామూలు రంగు సేనానులను లొంగిపోయిన వేరే జాతివారిగా చూపి దాన్ని చక్కగా సరిదిద్దింది కూడా. ఒకితా పునరాగమనాన్ని మాత్రం ఏ వివరణా సరిదిద్దలేదు.

2017-19లో వచ్చిన దాని కొనసాగింపు '2202' రెండు దారులనూ కలపజూసింది. కొదాయి సినిమాలో లాగే నౌకతో వెళ్లిపోతాడు. ఆ తర్వాత, కాలం వేగంగా నడిచే అగాధంలో కట్టుకున్న యుద్ధ కర్మాగారాన్ని వదులుకొని అతడినీ యుకీనీ వెనక్కి తెచ్చుకోవాలా వద్దా అని భూమి మీది ప్రజలు ఓటు వేస్తారు. ఆలోచన గొప్పదే, కానీ కొదాయి ఎందుకు బతకాలో ఈసారీ ఇతరులే నిర్ణయించారు.

అందుకే కొత్తగా చూడబోయేవారికి నేను చెప్పే క్రమం ఇది: తొలి ధారావాహిక, వెంటనే యమాతో 2, ఆపైన కొత్త ప్రయాణం. వీడ్కోలు యమాతోను ఆ వరుసలో ఇరికించకుండా, డెస్లర్ సంగతి పూర్తిగా తెలిశాక, విడి కథగా చూడాలి.