జాగ్రత్త: “బోటు కొని చార్టర్‌కి ఇచ్చేయండి, దాని ఖర్చు అదే సంపాదించుకుంటుంది” అంటే నమ్మి సంతకం పెట్టకండి

అమెరికాలో సెయిలింగ్ నేర్చుకుంటున్న మన తెలుగువాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు, చాలా సంతోషం. కానీ వాళ్ళను చూసుకుని ఒక స్కీమ్ కూడా మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది, అందుకే ఇది రాస్తున్నా. స్కీమ్ ఏమిటంటే, కొత్త సెయిల్‌బోటు మీ పేరు మీద కొంటారు, దాన్ని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ లాంటి చోట ఒక చార్టర్ కంపెనీకి ఐదేళ్ళు అప్పగిస్తారు, వాళ్ళు టూరిస్టులకు వారాల లెక్కన అద్దెకిస్తారు. మీకు నెలనెలా డబ్బు, ఏడాదికి కొన్ని వారాలు ఫ్రీగా వాడుకునే హక్కు, పైగా టాక్స్ సేవింగ్. ఐదేళ్ళు నిండాక బోటు మీ చేతికి వస్తుంది. ఏటా అక్టోబర్‌లో అనాపొలిస్‌లో జరిగే సెయిల్‌బోట్ షోకి వెళ్తే ఇదే మాట మెరిసే బ్రోచర్లతో చెబుతారు, మాకు అక్కడే చెప్పారు, నమ్మి మేమూ ఒక బోటు కొని ఇచ్చాం.

నెలనెలా డబ్బు సంగతిలో నాకు పెద్ద ఫిర్యాదు లేదు, మా కాంట్రాక్టులో ఎంత రాశారో అంత వేశారు. మనం ఖాళీగా ఉండే క్రిస్మస్, న్యూ ఇయర్, ఈస్టర్ వారాలు మాత్రం ఓనర్లకు దొరక్కపోవచ్చు, అది సంతకానికి ముందే అడిగి తెలుసుకోండి. అసలు దెబ్బ చివర్లో, కంపెనీ బోటుని మనకు వెనక్కి ఇచ్చేటప్పుడు పడుతుంది. దాన్ని ఫేజ్ అవుట్ అంటారు. సాధారణ అరుగుదల పోను బోటుని కంపెనీ మంచి కండిషన్‌లో అప్పగించాలని కాంట్రాక్టులో రాసి ఉంటుంది. ఏది సాధారణ అరుగుదలో, ఏది డ్యామేజీయో తేల్చేది మాత్రం వాళ్ళే.

మా బోటుకి కంపెనీ మనిషి ఒక పేజీ రిపోర్టు ఇచ్చాడు, అన్నీ బాగున్నాయట. మేము మా డబ్బుతో బయటి సర్వేయర్‌ని, అంటే బోటుని పరీక్షించే నిపుణుడిని పిలిపించి, బోటుని నీళ్ళలోంచి పైకెత్తించాం. ఆయన చిన్న ప్లాస్టిక్ సుత్తితో డెక్ మీద అడుగడుగునా కొడుతూ వచ్చాడు. గట్టిగా ఉన్న చోట టక్ టక్ అని స్పష్టంగా వినిపించేది, లంగరు లాగే మోటారు దగ్గరికి వచ్చేసరికి తడి గోడ మీద కొట్టినట్టు చప్పుడు మొద్దుబారిపోయింది. బోల్టుల సందుల్లోంచి నీళ్ళు లోపలి పొరలోకి దిగిపోయాయన్నమాట. తరువాత కింద క్యాబిన్‌లో నేల పలకలు తీయించి టార్చి వేసి చూపించాడు. కీల్ (బోటు అడుగున కిందికి దిగి ఉండే బరువైన రెక్క) వెనక అంచుకి సరిగ్గా పైన, బోటుకి బలాన్నిచ్చే ఫైబర్‌గ్లాస్ దిమ్మెల మీద వెంట్రుకంత సన్నని బీటలు రెండు. కీల్ నేలకో రాయికో గట్టిగా తగిలితే ముందు భాగం కిందికి, వెనక భాగం పైకి తన్నుతుంది, అందుకే బీటలు అక్కడ పడతాయని చెప్పాడు. బయట చూస్తే కొత్త పెయింటు, గీత కూడా లేదు. మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే స్టీలు తీగల్లో ఒకదాని మొదట్లో కూడా పగులు ఉంది, అది భూతద్దం పెడితే గానీ కనిపించదు.

ఎవరో కస్టమర్ బోటుని నేలకు కొట్టించాడు. ఎప్పుడు? రిపేరు ఎవరు చేశారు? అతని డిపాజిట్ ఏమైంది? ఒక్కదానికీ జవాబు లేదు, వాళ్ళు మాకు పంపిన మెయింటెనెన్స్ రికార్డులో ఆ ఊసే లేదు. అదంతా మామూలు అరుగుదలే అని చేతులు దులుపుకున్నారు. గట్టిగా అడిగితే, గొడవ ఏదైనా అక్కడి చట్టం ప్రకారం అక్కడే తేల్చుకోవాలన్న క్లాజు చూపించారు. మేరీల్యాండ్‌లో ఉన్నవాళ్ళం బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లోని టోర్టోలా దీవిలో లాయర్‌ని పెట్టుకుని కొట్లాడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది, అది వాళ్ళకీ తెలుసు. నెలల తరబడి ఈమెయిళ్ళు నడిచాక కొంత ఇచ్చారు, మిగతాది మా నెత్తినే పడింది. ఆ రిపేర్లు చేయించి అమ్మేసరికి, ఐదేళ్ళలో వచ్చిందనుకున్న లాభం మిగల్లేదు.

ఇక టాక్స్ సేవింగ్. మంచి జీతాలున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎర వేసేది దీంతోనే కాబట్టి జాగ్రత్తగా చదవండి. తరుగుదల, అంటే బోటు విలువ ఏటా తగ్గిందని లెక్కల్లో నష్టం చూపించి జీతం మీద పన్ను తగ్గించుకోవచ్చు అంటారు. కస్టమర్లు సగటున వారం లేదా అంతకంటే తక్కువ రోజులకు అద్దెకు తీసుకుంటుంటే, ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికి మీరు ఆ వ్యాపారంలో స్వయంగా పని చేస్తున్నట్టు ఐఆర్ఎస్‌కి చూపించాలి. ఏడాదికి 500 గంటలకు పైగా పని చేయడం ఒక దారి. 100 గంటలకు పైగా చేసి, మీకంటే ఎక్కువగా ఇంకెవరూ చేయకపోవడం ఇంకో దారి. మరి బోటు కడిగేది, అద్దెకిచ్చేది, రిపేరు చేసేది అంతా కంపెనీ వాళ్ళయినప్పుడు మీ గంటలు ఎక్కడివి? హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఇంకా ఇరకాటం. స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప బయట పని చేయకూడదని వీసా, స్వయంగా పని చేస్తేనే మినహాయింపు అని టాక్స్. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో ఆ సేల్స్ మనిషిని అడగండి. ఒకవేళ మినహాయింపు దొరికినా, తరుగుదల పేరుతో తగ్గించుకున్న దాంట్లో చాలా భాగం మీద బోటు అమ్మిన రోజు పన్ను పడుతుంది, ఆ ముక్క బ్రోచర్లో ఉండదు. ఇంకొకటి, కోస్ట్ గార్డ్ దగ్గర బోటుని డాక్యుమెంట్ (అంటే రిజిస్టర్) చేయించాలంటే ఓనర్ అమెరికా పౌరుడై ఉండాలి, గ్రీన్ కార్డు సరిపోదు. లోన్ ఇచ్చేవాళ్ళు చాలామంది ఆ డాక్యుమెంటేషన్ అడుగుతారు.

అయితే సొంత బోటు కొనొద్దా అంటే, ఏడాదిలో ఎన్ని రోజులు నీళ్ళ మీద ఉంటారో నిజాయితీగా లెక్కేసుకోండి. కొత్త 40 అడుగుల బోటు మూడు లక్షల డాలర్ల పైమాటే. దాన్ని నిలబెట్టుకోవడానికి, అంటే స్లిప్ (బోటు కట్టేసే చోటు) అద్దె, ఇన్సూరెన్స్, అడుగు భాగానికి పెయింటు, తెరచాపలు, ఇంజన్‌కి, ఏటా బోటు ధరలో పదో వంతు అవుతుందని సెయిలర్లు మోటుగా లెక్క చెబుతారు. అలాంటి బోటే కెప్టెన్ లేకుండా మనమే నడుపుకునేలా వారానికి చార్టర్ తీసుకుంటే సీజన్‌ని బట్టి సుమారు 4,000 నుంచి 8,000 డాలర్లు. ఏడాదికి ఒకటి రెండు వారాలు వెళ్ళేవాళ్ళకి చార్టరే నయం. ప్రతి వీకెండ్ చెసపీక్ బే మీద ఉండేవాళ్ళయితే చిన్న పాత బోటు కొని ఇంటి దగ్గర్లో పెట్టుకోండి, దాని మంచీ చెడ్డా మీ కళ్ళముందే ఉంటాయి.

చార్టర్‌లోనూ డిపాజిట్ దగ్గర జాగ్రత్త. బోటు ఎక్కిన వెంటనే గీతలు, డింగీ (వెంట ఉండే చిన్న పడవ) మోటారు, తెరచాపల చిరుగులు అన్నీ వీడియో తీసి, బయల్దేరకముందే కంపెనీకి ఈమెయిల్ చేయండి.

చార్టర్ కంపెనీ ఫ్లీట్‌లోంచి బయటికొచ్చిన బోటు చవగ్గా వస్తోందని కొనేవాళ్ళు బ్రోకర్ చెప్పిన సర్వేయర్‌ని కాకుండా మీకు మీరుగా వెతుక్కున్న మనిషిని పెట్టుకోండి, బోటు పైకెత్తించకుండా డబ్బు కట్టకండి. యార్డు బాకీల సంగతి కూడా చూసుకోండి. అమెరికా చట్టంలో రిపేరు యార్డుకి కట్టని బాకీ బోటుతోపాటే కొత్త ఓనర్ దగ్గరికి వస్తుంది.

ఇప్పటికే ఈ స్కీమ్‌లో ఉండి, బోటు వెనక్కి వచ్చే టైమ్ దగ్గరపడినవాళ్ళు మీ సర్వేయర్ రిపోర్టు చేతికొచ్చేదాకా “బోటు బాగానే అందింది” అన్న కాగితం మీద సంతకం పెట్టకండి. విమానం టికెట్ ఉంది, టైమ్ లేదు అని తొందరపెడతారు. టికెట్ మార్చుకోండి.