మా ఊరి బ్రాంచి పోస్టాఫీసు: 11 ఏళ్ల వాడకం తర్వాత

నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో. అమ్మ ఉండేది కదిరి దగ్గర పల్లెలో. డబ్బులకైనా మందులకైనా 11 ఏళ్లుగా మా ఊరి బ్రాంచి పోస్టాఫీసునే నమ్ముకున్నాను.

మొదట్లో మనియార్డరు పంపేవాణ్ణి. 20 రూపాయలకు ఒక రూపాయి కమీషన్, అంటే రెండు వేలకు వంద. బరువే గానీ, అమ్మకు బస్సెక్కే పని తప్పేది. 2018లో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు మొదలయ్యాక, మరుసటి ఏడు ఆమెకు ఖాతా తెరిపించాను. ఇప్పుడు ఫోన్‌లోంచే వేస్తాను, కమీషన్ లేదు. పోస్టాయన మిషన్ తెచ్చి, వేలిముద్ర తీసుకుని, నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. శనక్కాయలు వలిచి వలిచి అమ్మ వేళ్లు అరిగిపోయాయి, ముద్ర ఒక పట్టాన పడదు. ఆయన విసుక్కోడు. "చెయ్యి కడుక్కోని రా పెద్దమ్మా, ఇంకో వేలు పెట్టి చూద్దాం" అంటాడు.

ఒకసారి మందులు ప్రైవేటు కొరియర్‌లో పంపాను. వాళ్లు టౌన్‌లోనే ఆపి, వచ్చి తీసుకెళ్లమని అమ్మకు ఫోన్ చేశారు. బీపీ మాత్రల కోసం ఆటో ఖర్చు! స్పీడ్‌పోస్టు అయితే గడప దాకా వస్తుంది.

నచ్చనిది ఒకటుంది. 2025 సెప్టెంబరులో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్‌పోస్టులో కలిపేశారు. అక్టోబరు నుంచి బయటి ఊళ్లకు 50 గ్రాముల లోపు కవరుకే 47 రూపాయలు, పన్ను అదనం. నెల జీతం వచ్చే నేను కట్టగలను. భూమి గొడవలో కలెక్టరుకు అర్జీ పంపే రైతుకు వేగం అక్కర్లేదు, అందినట్టు రుజువుంటే చాలు. అలాంటివాళ్లకు తక్కువ ధరలో ఒక దారి ఉంచాల్సింది.

పల్లె పోస్టాఫీసు నడపడానికయ్యే ఖర్చు సంగతి నాకూ తెలుసు. పల్లెలో బ్రాంచి తెరవాలంటే మామూలు ప్రాంతాల్లో ఖర్చులో మూడో వంతైనా రాబడి ఉండాలి, కొండ ప్రాంతాల్లో 15 శాతం చాలు అని నిబంధన. మిగతాది భరించడానికి ప్రభుత్వం ముందే ఒప్పుకుందన్నమాట. అది న్యాయమే. కానీ కవరుకు నేను డబ్బు కట్టేది మారతహళ్లిలో, దాన్ని ఎండలో మోసుకెళ్లేది మా పోస్టాయన. కౌంటరులో పడిన డబ్బుతోనే కొలిస్తే మా పల్లె ఆఫీసు ఎప్పుడూ నష్టంలోనే కనిపిస్తుంది. బట్వాడా చేసిన ప్రతి కవరుకూ కొంత రాబడిని ఆ ఆఫీసు లెక్కలో రాయాలి.

మా పోస్టాయన లాంటి పల్లె తపాలా ఉద్యోగుల (గ్రామీణ డాక్ సేవక్‌ల) పనివేళ రోజుకు నాలుగైదు గంటలే. ఊరెళ్లినప్పుడు పని ఉంటే పొద్దున్నే చూసుకోండి. మందుల కవరు నేను సోమవారం వేస్తాను. బుధవారం నుంచి అమ్మ అరుగు మీదే కూర్చుంటుంది.