ఓపెన్‌వీపీఎన్ యాక్సెస్ సర్వర్: అరవై మంది ఉన్న ఆఫీసులో రెండేళ్లు వాడాక

విజయవాడలో ప్రధాన కార్యాలయం, గుంటూరులోనూ రాజమహేంద్రవరంలోనూ శాఖలు ఉన్న ఒక ఆడిటింగ్ సంస్థలో కంప్యూటర్ల వ్యవహారమంతా చూసేది నేనొక్కడినే. క్లయింట్ల ఊళ్లకు వెళ్లినవాళ్లు, ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఆఫీసు సర్వర్‌లోని ట్యాలీని, ఫైళ్లను తెరవాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్కులోకి వేసే రక్షణగల దారి) తప్పదు. దానికోసం రెండేళ్లుగా ఓపెన్‌వీపీఎన్ యాక్సెస్ సర్వర్ వాడుతున్నాం. వేగం పోలికలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఒక మనిషికి ఆఫీసులోకి దారి ఇవ్వడం, అవసరం తీరాక ఆ దారి మూయడం ఇందులో ఎంత సులువో మాత్రమే చెబుతాను.

ఓపెన్‌వీపీఎన్‌ను జేమ్స్ యోనన్ 2001లో విడుదల చేశాడు. అది ఇప్పటికీ ఉచితమే. మా దగ్గర పన్నెండు మంది ఉన్నంత కాలం దానితోనే నెట్టుకొచ్చాను. ఒక్కొక్కరికీ సర్టిఫికెట్ (గుర్తింపు పత్రంలా పనిచేసే ఫైలు) తయారుచేయడం, ఆ ఫైలును చేతికివ్వడం, ఎవరైనా మానేస్తే సర్టిఫికెట్‌ను రద్దు జాబితాలో చేర్చడం, ఇవన్నీ కమాండ్లతోనే జరిగేవి. మనుషులు పెరిగేసరికి ఎవరి ఫైలు ఎవరి దగ్గరుందో నాకే గుర్తులేని స్థితి వచ్చింది. యాక్సెస్ సర్వర్ అంటే అదే సాఫ్ట్‌వేరు మీద యూజర్ల నిర్వహణకు ఒక వెబ్ పేజీని, లైసెన్సును జోడించి ఓపెన్‌వీపీఎన్ కంపెనీ అమ్ముతున్న సరుకు. ఒకేసారి రెండు కనెక్షన్ల వరకు డబ్బు కట్టనక్కర్లేదు కాబట్టి కొనేముందు తీరిగ్గా పరీక్షించుకోవచ్చు.

కొత్తగా చేరిన ఉద్యోగికి యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. అతనే ఆ వెబ్ పేజీలో లాగిన్ అయి, క్యూఆర్ కోడ్‌ను ఫోనులోని ఆథెంటికేటర్‌తో (ఓటీపీలు తయారుచేసే యాప్‌తో) స్కాన్ చేసుకుని, తన ప్రొఫైల్ (కనెక్షన్ వివరాలు) ముందే చేర్చి ఉన్న యాప్‌ను దించుకుంటాడు. విండోస్, మ్యాక్, ఫోన్లకు ఈ పద్ధతి హాయిగా ఉంది. లినక్స్ వాడేవాళ్లకు మాత్రం ఆ యాప్ లేదు, ప్రొఫైల్‌ను విడిగా ఎక్కించుకోవాలి. సర్వర్ వెబ్ పేజీకి బ్రౌజర్లు నమ్మే సర్టిఫికెట్ పెట్టడం మొదటి రోజే పూర్తి చేయండి. లేకపోతే బ్రౌజర్ చూపించే ఎర్ర హెచ్చరికకు బెదిరి సగం మంది మీకే ఫోన్ చేస్తారు. ఇక "సార్, ఓటీపీ తప్పంటోంది" అని ఎవరన్నా అంటే ముందు ఫోనులో గడియారం చూడమనండి, ఆ ఓటీపీ టైమును బట్టే తయారవుతుంది. టైమును చేత్తో మార్చి పెట్టుకున్న ఫోన్లు మా ఆఫీసులోనే మూడు దొరికాయి.

నేను చేసిన పెద్ద తప్పు ఆటో-లాగిన్ ప్రొఫైల్ దగ్గర జరిగింది. ఆ ప్రొఫైల్ ఉన్న ఫైలు పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ అడగదు. ఫైలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే దారి. ఓటీపీ చికాకు పడలేనని మా పెద్దాయన ఒకరు పట్టుబడితే కాదనలేక ఆయనకు అది ఇచ్చాను. నాలుగు నెలల తరువాత ఆయన ల్యాప్‌టాప్ రైల్లో పోయింది, ఆ సంగతి నాకు తెలిసింది మర్నాడు ఉదయం. ప్రొఫైల్‌ను రద్దు చేయడానికి రెండు నిమిషాలు పట్టలేదు కానీ, ఆ రాత్రి దాన్ని ఎవరూ వాడలేదని లాగుల్లో (ఎవరెప్పుడు కనెక్ట్ అయ్యారో నమోదయ్యే ఫైళ్లలో) చూసుకునేదాకా ఊపిరాడలేదు. ఇప్పుడు ఆటో-లాగిన్ ఉన్నది రాత్రిపూట బ్యాకప్ పంపే శాఖల యంత్రాలకే.

ఉద్యోగం మానేసినవారి విషయంలో ఇది నిజంగా నాకు నచ్చింది. యూజర్ పేరు పక్కన ఒక గడిలో టిక్ పెడితే ఇక లాగిన్ కుదరదు. మా యూజర్ల పేర్లు ఆఫీసు డైరెక్టరీ (ఉద్యోగుల ఖాతాలన్నీ ఉండే జాబితా) నుంచే ఎల్‌డాప్ అనే పద్ధతి ద్వారా వస్తాయి కాబట్టి అక్కడ ఖాతా మూస్తే ఇక్కడా పాస్‌వర్డ్ పనిచేయదు. గ్రూపుల వారీగా ఎవరు ఏ సర్వర్ వరకు వెళ్లవచ్చో కూడా కట్టడి చేయవచ్చు. సీఏ శిక్షణ కోసం వచ్చే ఆర్టికల్ కుర్రాళ్లకు ఫైల్ సర్వర్ తప్ప మరేదీ కనిపించనవసరం లేదు గదా.

కనెక్ట్ అయిందని యాప్ చెబుతున్నా ట్యాలీ తెరుచుకోలేదన్న ఫిర్యాదు మాత్రం చాలాకాలం వేధించింది. దోషం సాఫ్ట్‌వేరుది కాదు, మా ఆఫీసు నెట్‌వర్కుది. ఇళ్లలోని రౌటర్లలో చాలావరకు 192.168.0 లేదా 192.168.1తో మొదలయ్యే చిరునామాలే ఇస్తాయి, మా ఆఫీసులోనూ అవే ఉండేవి. దాంతో ఉద్యోగి కంప్యూటర్ ఆఫీసు సర్వర్‌ను తన ఇంట్లోనే వెతుక్కునేది. చివరికి ఒక ఆదివారం కూర్చుని ప్రింటర్లతో సహా ఆఫీసు చిరునామాలన్నీ 10తో మొదలయ్యేవాటికి మార్చాను. కొత్తగా పెట్టేవారు ఈ పని ముందే చేసుకోవడం మేలు.

ఇంటర్నెట్ వాడకమంతా ఆఫీసు మీదుగానే పోయే అమరికను కూడా ఆపేశాం. లేకపోతే ఎవరో ఇంట్లో చూసే క్రికెట్ మ్యాచ్ మా లైనును తినేస్తుంది. యాక్సెస్ సర్వర్ మామూలుగా యూడీపీ 1194 పోర్టు (నెట్‌వర్కు రాకపోకల ద్వారం) మీద నడుస్తుంది. హోటల్ వైఫైలలో అది మూసి ఉంటే మామూలు వెబ్‌సైట్లు వాడే టీసీపీ 443 మీదికి మళ్లుతుంది, అక్కడ నెమ్మదిస్తుంది. సర్వర్ ఉన్న చోట పబ్లిక్ స్టాటిక్ ఐపీ (బయటి నుంచి చేరగలిగే, మారని ఇంటర్నెట్ చిరునామా) ఉండడం మేలు. అది దొరకని ఆఫీసులు 2022 నవంబరులో మొదలైన అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్‌లో ఒక ఉబుంటు (లినక్స్) యంత్రం అద్దెకు తీసుకోవచ్చు.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో కస్టమర్ల వివరాలు 5 సంవత్సరాలు దాచాలన్న నిబంధన ప్రజలకు వీపీఎన్ అమ్మేవారికే గాని సంస్థల సొంత వీపీఎన్‌కు కాదు. లాగులను 180 రోజులు ఉంచాలన్నది మాత్రం మనకూ వర్తిస్తుంది. ఎవరు, ఎక్కడి నుంచి, ఎంతసేపు కనెక్ట్ అయ్యారో యాక్సెస్ సర్వర్‌లో వరుసగా దొరకడం అక్కడ కలిసొచ్చింది.

వైర్‌గార్డ్ అనే మరో ఉచిత వీపీఎన్ సాఫ్ట్‌వేరు ఇంతకన్నా తేలిక, సాధారణంగా వేగం కూడా ఎక్కువ. 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే (ఆ వ్యవస్థ మూల భాగంలోనే) ఉంది. అయితే దానికి తెలిసింది తాళంచెవులే, మనుషులు కాదు. పాస్‌వర్డు, ఓటీపీ, గ్రూపులు కావాలంటే పైన మరొకటి కట్టుకోవాలి.

లైసెన్సు లెక్క యూజర్లను బట్టి కాక ఒకేసారి నడిచే కనెక్షన్లను బట్టి ఉంటుంది. అరవై మందికి పాతిక సరిపోతాయనుకున్నాను. సెప్టెంబరు 30 ట్యాక్స్ ఆడిట్ గడువుకు ముందు వారం లెక్క తప్పింది. చూస్తే ఏడుగురు ల్యాప్‌టాప్‌తో పాటు ఫోనులోనూ కనెక్ట్ అయి వదిలేశారు. ఒక యూజర్‌కు ఒకే కనెక్షన్ అని అమర్చాక పాతిక చాలుతున్నాయి. వచ్చే రెన్యువల్‌లోనూ అంతే తీసుకుంటున్నాను.