సీక్యూ పిలవాలా, వెతుక్కుంటూ వెళ్లాలా?

ఇంటిపైన తీగతో కట్టిన డైపోల్ యాంటెన్నా, బల్ల మీద 100 వాట్ల రేడియో. ఈ సరంజామాతో హామ్ రేడియో కాంటెస్టులోకి, అంటే నిర్ణీత సమయంలో వీలైనన్ని స్టేషన్లతో మాట్లాడే పోటీలోకి దిగితే మొదటి గంటలోనే తేల్చుకోవలసి వస్తుంది: ఒక ఫ్రీక్వెన్సీ పట్టుకుని ‘సీక్యూ’ (ఎవరైనా జవాబివ్వండి) అని పిలుస్తూ కూర్చోవాలా, బ్యాండంతా (హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల పట్టీ అంతా) తిరుగుతూ పిలుస్తున్నవారికి జవాబివ్వాలా?

కాంటాక్టులు వేగంగా పెరిగేది పిలిచేవారికే. కానీ ఆ వేగం టవర్లు, ఒకే దిక్కుకు గురిపెట్టే బీమ్ యాంటెన్నాలు ఉన్నవారిది. శనివారం 20 మీటర్ల బ్యాండులో ఖాళీ చోటు దొరకడమే గగనం. దొరికినా కాసేపటికి పక్కనే ఒక బలమైన స్టేషన్ వచ్చి కూర్చుంటుంది, మన గొంతు అందులో మునిగిపోతుంది. అందుకే మొదటి రోజు నా ఓటు వెతుకులాటకే.

దీని వెనుక లెక్క కూడా ఉంది. అక్టోబరు, నవంబరు చివరి పూర్తి వారాంతాల్లో 48 గంటలపాటు సాగే సీక్యూ వరల్డ్ వైడ్ పోటీనే తీసుకోండి. మొత్తం పాయింట్లను మల్టిప్లయర్లతో, అంటే ప్రతి బ్యాండులో దొరికిన దేశాలు, జోన్ల (పోటీ కోసం ప్రపంచాన్ని విడగొట్టిన ప్రాంతాల) సంఖ్యతో హెచ్చిస్తారు. వేరే ఖండంతో మాట్లాడితే 3 పాయింట్లు. మీ దగ్గర 600 పాయింట్లు, 60 మల్టిప్లయర్లు ఉన్నాయనుకుందాం, స్కోరు 36,000. మామూలు కాంటాక్టు మరొకటి చేస్తే 180 పెరుగుతుంది. అదే కొత్త దేశమైతే 783! అలాంటి దేశం మనల్ని వెతుక్కుంటూ రాదు, మనమే వెళ్లాలి.

వెళ్లాక, ఒకే స్టేషన్‌ను పిలిచే గుంపులో నెగ్గడం ఒక విద్య. మోర్సు కోడులో అందరూ ఒకే స్వరం మీద పిలుస్తుంటే అవతలి ఆపరేటరుకు వినబడేది ఒక్కటే రొద. నేను ట్రాన్స్‌మిట్ ఫ్రీక్వెన్సీని ఓ 100 హెర్ట్జ్ పక్కకు జరుపుతాను. తొలి హోరు తగ్గేదాకా అర సెకను ఆగి, కాల్‌సైన్ (నా స్టేషన్ గుర్తింపు పేరు) ఒక్కసారే పంపుతాను. ఆ ఖాళీలో అది తిరిగి వినిపించినప్పుడు కలిగే ఆనందం కోసమే నేను నిద్ర మానుకుంటాను.

ఆదివారం మధ్యాహ్నానికి పరిస్థితి తిరగబడుతుంది. పెద్ద స్టేషన్ల లాగ్‌ పుస్తకాల్లో (కాంటాక్టుల జాబితాల్లో) వినబడినవారంతా ఎక్కేసి ఉంటారు. కొత్త కాల్‌సైన్ కోసం వారే వెతుకుతుంటారు. చిన్న స్టేషన్ పిలవవలసిన వేళ అదే. మోర్సులో ఇంకా సులువు: రివర్స్ బీకన్ నెట్‌వర్క్ రిసీవర్లు మన సీక్యూను వాటంతటవే పసిగట్టి అందరికీ చూపుతాయి. మాటలతో అయితే ఆ సాయం ఉండదు. అందుకని బ్యాండులో పైకి, రద్దీ పలచబడేచోటికి వెళ్లాలి. 10 మీటర్ల బ్యాండు తెరుచుకుని, అంటే దూరాలకు సంకేతాలు చేరుతూ ఉంటే మరీ మంచిది, అక్కడ చోటుకు కొదవ లేదు.

5 వాట్లతో ఆడేవారికి మాత్రం రెండు రోజులూ వెతుకులాటే మేలంటాను. 100 వాట్లతో పిలిచేటప్పుడు నేను గడువు పెట్టుకుంటాను: పది నిమిషాలు జవాబు రాకపోతే ఫ్రీక్వెన్సీ మారుస్తాను, అక్కడా పది నిమిషాలు అంతే అయితే మళ్లీ డయల్ తిప్పడం మొదలుపెడతాను.