కొబ్బరి నూనె, ఆముదం, నువ్వుల నూనె: అనంతపురం ఎండకు, ఉప్పునీళ్లకు ఏది మేలు?

ఈ మధ్య మన ఊళ్లలో గానుగ అంగళ్లు ఎక్కువయ్యాయి. తలకు నూనె కావాలని అడిగితే కొబ్బరి, నువ్వులు, ఆముదం మూడూ చూపించి, ఏదైనా మంచిదే తీసుకోండి అంటారు. మంచివే గానీ మూడూ చేసే పని ఒకటి కాదు. ఏది కొనాలో తేల్చుకునే ముందు మీ ఇబ్బంది వెంట్రుకలతోనా, మాడుతోనా అన్నది చూసుకోవాలి. చాలామంది ఇక్కడే తికమకపడతారు.

వెంట్రుకలు గరుకుగా, చివర్లు చిట్లి ఉన్నవాళ్లకు నేను కొబ్బరి నూనే చెబుతాను. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. దాని అణువు చిన్నది, తిన్నగా ఉంటుంది. అందుకే వెంట్రుక పైపొర దాటి లోపలికి చేరుతుంది. తలకు పోసుకున్నప్పుడల్లా వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరినాక ముడుచుకుంటుంది. ఇలా పదే పదే జరిగితే పైపొర లేచిపోతుంది, లోపలి ప్రోటీన్ కొంచెం కొంచెం పోతుంది. కొబ్బరి నూనె ముందే లోపల ఉంటే వెంట్రుక పీల్చే నీళ్లు తగ్గుతాయి. కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చి 2003లో ముంబైలో ఒక పరిశోధన వచ్చింది. ప్రోటీన్ పోకుండా కాపాడింది కొబ్బరి నూనె ఒక్కటే. చేసినవాళ్లు కొబ్బరి నూనె అమ్మే కంపెనీ పరిశోధకులన్న సంగతి కూడా చెప్పాలి. అయినా లోపలికి చేరే గుణానికి కారణం ఆ అణువు తీరులోనే ఉంది కాబట్టి నేను ఆ ఫలితాన్ని నమ్ముతాను.

దీన్నిబట్టి నూనె ఎప్పుడు పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది. తలంటుకు ముందే పెట్టాలి. గంటా రెండు గంటలు చాలు. మన దగ్గర చాలామంది తలస్నానం చేసి, ఆరీ ఆరకముందే నూనె రాసి, జడ వేసుకుని బయటికి పోతారు. ఆషాఢం గాలికి అనంతపురం రోడ్ల మీద లేచే దుమ్మంతా ఆ జిడ్డుకే అంటుకుంటుంది. సాయంత్రానికి మళ్లీ తల కడగాలనిపిస్తుంది. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ ఉన్న ఇళ్లలో సబ్బుతో తల రుద్దితే తెల్లటి మడ్డి వెంట్రుకలకు పట్టుకుంటుంది. ఆ గరుకుదనానికి నూనె ఒక్కటే మందు కాదు. సబ్బు మానేసి కుంకుడుకాయ రసమో, షాంపూనో వాడితే ఆ మడ్డి కట్టదు. ముందు అది చేసి, తర్వాత నూనె సంగతి చూడండి.

కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరులో సీసాలో తెల్లగా పేరుకుంటే కల్తీ అనుకోవద్దు. ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు కొంత గడ్డకట్టి, కొంత వేరే పొరగా నీళ్లలా నిలిస్తేనే అనుమానించాలి.

ఇక ఆముదం. ఇది మన నేల పంట. బుడ్డల (వేరుశనగ) చేలో సాళ్ల మధ్య వేసేది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో కాచి, పైకి తేలింది తీసి వంటాముదం చేసుకునేవాళ్లు. మాడుకు ఆముదం పెడితే జుట్టు ఒత్తుగా పెరుగుతుందని అవ్వల కాలం నుంచి వస్తున్న నమ్మకం మీద నాకు గౌరవం ఉంది. కానీ కొత్త వెంట్రుకలు మొలిపిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. ఇందులో 85 శాతం పైన రిసినోలిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లం. అందుకే అంత చిక్కదనం. అది వెంట్రుక మీద మందమైన పూతగా నిలుస్తుంది, మెరుపిస్తుంది, పోచ లావుగా కనిపించేలా చేస్తుంది. ఒత్తుగా అయిందనిపించడం చాలావరకు అందుకే. పొడవాటి జుట్టుకు వట్టి ఆముదం పెట్టి గట్టిగా రుద్దితే చిక్కులు పడతాయి. చిక్కు విడదీయలేక కత్తిరించాల్సి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆముదమే కావాలంటే ఒక చెంచాకు మూడు నాలుగు చెంచాల కొబ్బరి నూనె కలిపి, చివర్లకు రాయండి.

నువ్వుల నూనె ఈ రెంటికీ నడుమది. ఆముదమంత జిడ్డు కాదు, చలికి గడ్డకట్టదు, సెసమాల్ వంటి పదార్థాల వల్ల తొందరగా ముక్క వాసన రాదు. పండగ తలంటుకు, ఒంటికి పట్టించుకోవడానికి దీన్ని మించింది లేదు. వెంట్రుకను కాపాడటంలో మాత్రం కొబ్బరి నూనె తర్వాతే. వేరుశనగ నూనె మన జిల్లా పేరు నిలబెట్టిందే అయినా వంటింట్లోనే ఉండనివ్వండి.

ఉల్లిపాయ, ఉసిరి, గుంటగలగరాకు బొమ్మలున్న సీసాలు కొనేవాళ్లు వెనకవైపు చదవాలి. ఎక్కువగా కలిపింది ముందు రాస్తారు. మొదటి పేరు లైట్ లిక్విడ్ పారాఫిన్ అయితే అది పెట్రోలియం నుంచి తీసిన మినరల్ నూనె. హాని చేయదు, నునుపుదనం ఇస్తుంది, కానీ వెంట్రుక లోపలికి పోదు. బొమ్మ చూసి డబ్బు పెట్టకండి.

చుండ్రు ఉంటే మాత్రం ఈ పోటీలో ఏదీ గెలవదు. మాడు పొడిబారి పొట్టు రాలుతోందనుకుని ఇంకా నూనె పట్టిస్తారు. చుండ్రుకు మూలమైన మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు తినే బతుకుతుంది. మాడుకు నూనె పెడితే దానికి మేత వేసినట్టే. ఆ శిలీంధ్రాన్ని అణచే కీటోకోనజోల్ మందున్న షాంపూ నురగను ఐదు నిమిషాలు ఉంచి కడగండి, వారానికి రెండుసార్లు. నూనె చివర్లకే.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. పెద్ద జ్వరం తర్వాతో, కాన్పు తర్వాతో రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా రాలితే అది నూనె లోపం కాదు. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆగకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. రూపాయి బిళ్లంత గుండ్రంగా ఊడితే మన ఊళ్లలో పేనుకొరుకుడు అంటారు. పేను కొరకదు. ఒంట్లోని రక్షణ కణాలే వెంట్రుకల కుదుళ్ల మీద పడతాయి. దానికి వెల్లుల్లి, గురివింద గింజ రుద్ది చర్మం పుండు చేసుకోవద్దు. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా సర్కారు పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల డాక్టర్లు ఉన్నారు, చూపించుకోండి.